కవరు మీది అడ్రసు

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం సాయంత్రం గ్రంథాలయ హాలులో జరిగిన సభలో, 38 ఏళ్లు పోస్టుమాన్‌గా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన చేసిన ప్రసంగం ఇది. రికార్డు విని, మాటలు పెద్దగా మార్చకుండా రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. ఇంత వానలో వచ్చారు, సంతోషం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ రెండు బెంచీలు ఖాళీగానే ఉన్నాయి.

నేను వకీలుని కాను. ఉపన్యాసాలిచ్చే అలవాటు కూడా లేదు. 1975 చివర్లో పోస్టుమాన్‌గా చేరాను, 2014లో దిగిపోయాను. ప్రభుత్వ నిఘా గురించి మాట్లాడమని మన కార్యదర్శి గారు అడిగితే, "నాకేం తెలుసండీ" అన్నాను. ఇంటికెళ్లి పడుకున్నాక నిద్ర పట్టలేదు. ఎందుకంటే నాకు తెలుసు. ఈ హాల్లో ఉన్న చాలామంది కంటే నాకే ఎక్కువ తెలుసు.

పోస్టుమాన్‌కి ఊరంతా తెలుస్తుంది. ఏ ఇంటికి కలకత్తా నుంచి మనియార్డరు వస్తుందో తెలుస్తుంది. ఏ కోడలికి పుట్టింటి ఉత్తరాలు ఆగిపోయాయో తెలుస్తుంది. ఎవరికి కోర్టు నోటీసు వచ్చిందో, ఎవరి కొడుకు ఇంటర్వ్యూ కార్డు కోసం పదకొండింటికల్లా వీధి చివర వచ్చి నిలబడతాడో తెలుస్తుంది. చదువు రానివాళ్లు ఉత్తరం మన చేతికే ఇచ్చి చదవమంటారు. అరుగు మీద కూర్చుని చదవాలి, వాళ్లు ఏడిస్తే కాసేపు ఆగాలి, చదివేసి సైకిలెక్కాలి. ఎక్కిన తర్వాత అది మర్చిపోవాలి. మా ఉద్యోగ ధర్మం అది. రాసి ఇవ్వరు గానీ, చేరిన మొదటి వారంలోనే పెద్దవాళ్లు చెప్పేస్తారు.

నేను ఒకసారి ఆ ధర్మం తప్పాను. ముందు ఆ సంగతి చెప్పాలి. అది చెప్పకుండా ఇంకేం చెప్పినా నాకు నోరు రాదు.

1976 ఎండాకాలం. నాకు 22 ఏళ్లు. నాగావళి ఒడ్డున ఒక ఊళ్లో నా బీటు, అంటే నేను ఉత్తరాలు పంచే చోటు. ఊరి పేరు వద్దు. అప్పటికి ఎమర్జెన్సీ వచ్చి ఏడాది కావస్తోంది. ఆ ఊళ్లో హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారొకాయన ఉండేవారు. సాయంత్రమైతే ఆయన అరుగు మీద చాపలు పరిచి, ఇరవై మంది పిల్లలకి లాంతరు వెలుగులో లెక్కలు చెప్పేవారు. డబ్బు ఇచ్చినవాళ్లు ఇచ్చేవారు, లేనివాళ్లు లేదు. నేను ఆయనకి నెలకి రెండుసార్లు బెంగుళూరు నుంచి ఇన్‌లాండ్ లెటరు ఇచ్చేవాణ్ని. అడ్రసు ఎప్పుడూ ఒకే చేతిరాత, నీలం సిరా. పంపినవారి పేరు రాసే చోట ఒక్కోసారి ఖాళీ.

ఒకరోజు టీ కొట్టు దగ్గర ఒక కానిస్టేబులు నన్ను పిలిచి టీ ఇప్పించాడు. అవీ ఇవీ మాట్లాడుతూ, "మాస్టారికి ఉత్తరాలు బాగా వస్తాయా?" అన్నాడు. "వస్తాయండి, బెంగుళూరు నుంచి, నెలకి రెండు" అన్నాను. "ఎవరు రాస్తారో?" అన్నాడు. "పేరుండదండి ఒక్కోసారి" అన్నాను. అంతే. టీ పూర్తయింది. నేను వెళ్లిపోయాను. ఆ మాటకి ఏదో అర్థం ఉందని కూడా నాకు తట్టలేదు.

నాలుగు రోజుల తర్వాత మాస్టారిని స్టేషనుకి పిలిచారు. పొద్దున వెళ్తే రాత్రి వరకు బెంచీ మీద కూర్చోబెట్టారు. మర్నాడూ అంతే. మూడో రోజూ అంతే. కొట్టలేదు. కేసు లేదు. అడిగింది కూడా తక్కువే. బెంగుళూరులో ఉన్నది ఆయన తమ్ముడు, ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆ సంగతి మొదటి గంటలోనే తేలిపోయింది. అయినా మూడు రోజులు.

ఆ తర్వాత జరిగింది చూడండి. మాస్టారి అరుగు మీద పిల్లలు తగ్గిపోయారు. ఇరవై మంది ఎనిమిది మంది అయ్యారు, తర్వాత ముగ్గురు. ఎవరూ ఆయన్ని తిట్టలేదు, వెలి వేయలేదు. "మా వాడికి ఒంట్లో బాగాలేదు మాస్టారూ" అనేవారు. మరో నెలకి ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. రాయొద్దని తమ్ముడికి ఆయనే చెప్పి ఉంటారు. నేను ఆ వీధిలో సైకిలు మీద వెళ్తుంటే ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుతూ తలెత్తి చూసేవారు. నా సంచీ వంక చూసేవారు. నేను దిగేవాణ్ని కాదు. ఇవ్వడానికి ఏమీ లేదు.

ఆయన బదిలీ మీద వెళ్లిపోయారు. నేను క్షమాపణ అడగలేదు. ఆయనకి నా సంగతి తెలుసో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

అప్పుడు మా పోస్టుమాస్టరు గారు, పాతకాలం మనిషి, నన్ను లోపలికి పిలిచి తలుపు వేశారు. ఊళ్లో అనుకుంటున్నది ఆయన చెవిన పడింది. గట్టిగా తిడతారనుకున్నాను. తిట్టలేదు. బల్ల మీదున్న ఒక కవరు తీసి నాకు చూపించి, "లోపలున్నది వాళ్ల సొత్తని నీకు తెలుసు. పైనున్న అడ్రసు కూడా వాళ్ల సొత్తేరా. ఎవరడిగినా కాగితం తెమ్మను" అన్నారు.

కాగితం తెమ్మను. ఆ మాట అప్పుడు నాకు పూర్తిగా అర్థం కాలేదు. తర్వాత తెలుసుకున్నాను. ఇంగ్లీషువాళ్ల కాలంలో, 1898లో చేసిన పోస్టాఫీసు చట్టంలో కూడా ఉత్తరం ఆపాలన్నా తీసుకోవాలన్నా ప్రభుత్వం రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలని ఉండేది. సాక్షిగా ఒక మనిషిని స్టేషనుకి పిలవాలన్నా పోలీసు అధికారి రాతపూర్వకంగానే పిలవాలని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉండేది. మాస్టారికి ఎవరూ కాగితం ఇవ్వలేదు. నన్ను ఎవరూ కాగితం మీద అడగలేదు. టీ కొట్టు దగ్గర మొదలైన సంగతి స్టేషను బెంచీ మీద ముగిసింది. మధ్యలో ఎక్కడా ఒక్క అక్షరం రాత లేదు. కాబట్టి రేపు ఎవరైనా "ఎందుకు పిలిచారు?" అని అడిగితే, "ఎవరు పిలిచారు?" అనొచ్చు.

ఈరోజు నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. అనుమానం వస్తే రాయండి. ఎవరి మీద, ఎందుకు, ఎవరి సంతకంతో, ఎన్నాళ్లు. అది రాయకుండా నా గుమ్మంలోకి రావద్దు.

మన జిల్లాకి ఈ అనుమానం కొత్త కాదు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనుల్ని భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. మొండెంఖల్లులో జరుగుతున్న గిరిజన సభకి వెళ్తున్నవాళ్లు వాళ్లు. తర్వాత మూడేళ్లు గిరిజనుల సాయుధ ఉద్యమంతో, దాని మీద పోలీసు వేటతో ఏజెన్సీ, అంటే మన కొండ ప్రాంతం, ఎలా ఉందో ఈ హాల్లో పెద్దవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మా మేనత్తది పార్వతీపురం పక్క ఊరు. అప్పటికి పార్వతీపురం మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. ఆవిడ చెప్పేది, సంతలో రెండు సీసాల కిరసనాయిలు కొంటే "రెండెందుకు?" అని పోలీసులు అడిగేవారట. ఉప్పు ఎక్కువ కొంటే "ఎంతమంది తింటారు మీ ఇంట్లో?" అనేవారట. "ఆళ్లకి బువ్వెట్టినావా అని అడుగుతారు. ఎట్టకపోతే ఆళ్లకి కోపం, ఎడితే ఈళ్లకి కోపం. నానేటి సెయ్యాల?" అనేది. ఉద్యమం మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి నేనిప్పుడు వెళ్లను. ఉప్పు కొన్న ముసలమ్మ సంగతే నాది.

అంతకు ముందు కూడా ఉంది. 1871లో ఇంగ్లీషువాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911 తర్వాత అది మన మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకల వాళ్లలాంటి కులాల పేర్లు ఆ జాబితాల్లోకి ఎక్కించారు. పుట్టుకతోనే నేరస్థులని. ఊరు దాటాలంటే పోలీసుకి చెప్పాలి, పిలిచినప్పుడల్లా హాజరు వేయించుకోవాలి. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. చట్టం పోయింది గానీ, ఎక్కడ దొంగతనం జరిగినా ముందు ఫలానా పేటకి వెళ్లే అలవాటు పోయిందా? మీరే చెప్పండి.

ఇక్కడ ఒక తెలుగాయన గురించి చెప్పాలి. మన పిల్లలకి ఈ పేరు తెలియాలి. కోకా సుబ్బారావు గారు. రాజమండ్రి ఆయన. 1954లో గుంటూరులో పెట్టిన ఆంధ్ర హైకోర్టుకి మొదటి ప్రధాన న్యాయమూర్తి, తర్వాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కూడా అయ్యారు. 1962లో సుప్రీంకోర్టులో ఒక కేసు వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన మీద దోపిడీ అనుమానం. సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేసినా పోలీసులు ఆయన పేరు మీద హిస్టరీ షీటు తెరిచారు. రాత్రిపూట కానిస్టేబుళ్లు, చౌకీదార్లు వచ్చి తలుపు కొట్టేవారు, కేకలేసి లేపేవారు. పొరుగూరు వెళ్లాలంటే ముందు చెప్పాలి. ఆయన నేరుగా సుప్రీంకోర్టుకి వెళ్లాడు.

ఆరుగురు జడ్జీలు విన్నారు. రాత్రిళ్లు ఇంటికి వచ్చి తలుపు కొట్టడం తప్పని అందరూ ఒప్పుకున్నారు. కానీ వెంట తిరగడం, రాకపోకలు రాసుకోవడం తప్పు కాదని మెజారిటీ అంది. ఏకాంతం, ఇంగ్లీషులో ప్రైవసీ అంటారే, అది మన రాజ్యాంగంలో హక్కు కాదంది. సుబ్బారావు గారు, ఆయనతో పాటు జస్టిస్ షా, ఒప్పుకోలేదు. పోలీసు చూపు కింద నడిచే నడక స్వేచ్ఛగా నడిచే నడక ఎలా అవుతుందని సుబ్బారావు గారు అడిగారు. అలా నీడలా వెంటాడితే ఆ మనిషికి దేశమంతా జైలే అని రాశారు.

నేను ఇది మొదటిసారి చదివినప్పుడు మాస్టారు గుర్తొచ్చారు. ఆయన్ని స్టేషనులో మూడు రోజులే ఉంచారు. నిజానికి జైలు ఆయన అరుగు మీద మొదలైంది.

సుబ్బారావు గారి మాట 55 ఏళ్లు మైనారిటీ తీర్పుగా పుస్తకంలోనే ఉండిపోయింది. 2012లో కర్ణాటక హైకోర్టు రిటైర్డు జడ్జి కె.ఎస్. పుట్టస్వామి గారు ఆధార్ మీద సుప్రీంకోర్టుకి వెళ్లారు. అప్పటికి ఆయనకి 86 ఏళ్లు. ఆ వయసులో మనం మనవల చేత కళ్లజోడు వెతికిస్తాం, ఆయన కేసు వేశారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఒక్క మాటగా, ఏకాంతం ప్రాథమిక హక్కే అన్నారు. ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావు గారు చెప్పిందే సరైనదన్నారు. ఎమర్జెన్సీలో పౌరుడికి కోర్టు తలుపు తట్టే హక్కు కూడా లేదని 1976లో ఇచ్చిన జబల్‌పూర్ తీర్పుని కూడా అదే రోజు కొట్టేశారు. ఆ తీర్పు వచ్చింది 1976 ఏప్రిల్లో. మా మాస్టారు బెంచీ మీద కూర్చున్నది ఆ ఎండాకాలమే. పుట్టస్వామి గారు 2024లో, 98 ఏళ్ల వయసులో పోయారు.

అంతా సర్దుకుంది కదా అని మీరనుకోవచ్చు. సరే, మన వీధుల్లోకి వద్దాం.

రెండేళ్ల కిందట ఒక తెల్లవారుజామున, నాలుగున్నరకి, మా కాలనీలో విజిళ్లు వినిపించాయి. కార్డన్ సెర్చ్. పోలీసులు వీధిని చుట్టుముట్టి రెండు చివర్లా తాళ్లు కట్టేశారు. ఆడవాళ్లు నైటీల మీద తువ్వాళ్లు కప్పుకుని గుమ్మాల్లో నిలబడ్డారు. పిల్లలు ఏడుపు. ఆధార్ కార్డు చూపించు, బండి కాగితాలు చూపించు, ఈ అద్దెకున్నవాళ్లు ఎవరు, ఎక్కడి నుంచి వచ్చారు. మా పక్కింట్లో బీరువా తీయించారు. ఆ ఇంటావిడ పెళ్లి చీరలు మంచం మీద పెట్టి, మడత చెడకుండా ఒక్కొక్కటే తీస్తోంది, ఆవిడ చేతులు వణుకుతున్నాయి. చివరికి ఏం దొరికింది? ఏమీ దొరకలేదు.

ఎదురు వరసలో కొబ్బరి బొండాలు అమ్మే కుర్రాడున్నాడు. టీవీఎస్ ఎక్సెల్ మీద తిరుగుతాడు. సీ బుక్కు బావమరిది పేరున ఉంది, బావమరిది హైదరాబాదులో తాపీ పనిలో ఉన్నాడు. బండి గ్రౌండుకి తోలుకుపోయారు. అక్కడ బళ్లన్నీ వరసగా పెట్టి ఫొటో తీశారు. సాయంత్రానికల్లా ఆ ఫొటో అందరి ఫోన్లలో తిరిగింది, "పత్రాలు లేని వాహనాలు స్వాధీనం" అని. ముందు వరసలో ఇతని బండే, బొండాలు కట్టే తాడు ఇంకా వెనక వేలాడుతోంది. రెండు రోజులు తిరిగి, కాగితాలు ఫోనులో తెప్పించి చూపించి బండి తెచ్చుకున్నాడు. తప్పు ఏమీ లేదని తేలింది. అది మాత్రం ఎవరూ ఫొటో తీయలేదు.

నేను అక్కడున్న యస్సై దగ్గరికి వెళ్లాను. కుర్రాడు, మర్యాదగానే ఉన్నాడు. "కారణం ఎక్కడ రాశారు బాబూ?" అన్నాను. "సాధారణ తనిఖీ తాతగారూ" అన్నాడు.

సాధారణ తనిఖీ. ఆ మాట మీద నాకు బాధ. 2024 జులై 1 నుంచి ఆ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ బదులు కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, అమల్లో ఉంది. దర్యాప్తులో వారంటు లేకుండా ఇల్లు వెతకాలంటే 185వ సెక్షను. ఎందుకు వెతుకుతున్నారో, ఏ వస్తువు కోసమో ముందు అధికారి రాయాలి. ఆ రాత కాపీ 48 గంటల్లోగా మేజిస్ట్రేటుకి వెళ్లాలి. ఇంటివాళ్లు అడిగితే ఆ కాపీ ఉచితంగా ఇవ్వాలి. సోదా వీడియో తీయాలని 105వ సెక్షను. బీరువా తీయించడానికి "సాధారణం" అన్న కారణం ఆ చట్టంలో నాకెక్కడా కనపడలేదు. ఇంకోటి కూడా గమనించాను. నేను ఈ పట్నంలో ఆరు బీట్లు తిరిగినవాణ్ని, ప్రతి వీధీ తెలుసు. ఆ తాళ్లు ఎప్పుడూ కూలి చేసుకునేవాళ్లుండే వీధులకే కడతారు. పెద్ద మేడలున్న వీధిలో తెల్లవారుజామున విజిలు వినపడగా నేను చూడలేదు.

పోలీసులు పని చేయొద్దా అని కొందరికి కోపం రావచ్చు. చేయాలి. మా వీధిలోనే ఒకావిడ మెడలో గొలుసు లాగేసిన వాణ్ని షాపు కెమెరా చూసి పట్టుకున్నారు. నేను స్టేషనుకి వెళ్లి దండం పెట్టి వచ్చాను. నేరం జరిగింది, మనిషిని వెతికారు, దొరికాడు. తెల్లవారుజాము వ్యవహారంలో నేరమేదీ లేదు. ముందు మనుషుల్ని వరసలో నిలబెట్టి, తర్వాత నేరం కోసం వెతికారు.

పోలీసులొక్కరే కాదు. అనుమానం ఇప్పుడు చాలా శాఖల్లోకి వచ్చేసింది. ఉపాధి హామీ పనికి వెళ్లే ఆడవాళ్ల సంగతి తీసుకోండి. 2023 జనవరి 1 నుంచి యాప్‌లో హాజరు. రోజుకి రెండుసార్లు పని చోట ఫొటో. నేను మా చెల్లెలి ఊరు వెళ్లినప్పుడు చెరువు గట్టు మీద చూశాను. నలభై మంది ఆడవాళ్లు గమేళాలు, గునపాలు కింద పెట్టి ఫొటోకి నిలబడ్డారు. సిగ్నలు లేదు. కూలీల పని చూసే మేట్ పిల్ల ఫోను పైకెత్తి గట్టు మీద అటూ ఇటూ తిరుగుతోంది. పని అయిపోయినవాళ్లు కూడా రెండో ఫొటో కోసం ఎండలో కూర్చున్నారు. మట్టి తవ్వారా లేదా అని చూడాలంటే గుంత కొలిస్తే తెలుస్తుంది. మా చిన్నప్పటి నుంచి గుంత కొలిచే కూలి ఇచ్చేవారు. ఇప్పుడు గుంత కంటే ముందు మొహం రుజువు కావాలి.

వేలిముద్ర సంగతి సరే సరి. రేషను డిపో దగ్గర, జీడిపప్పు వొలిచే ఒకావిడ నాకు చెయ్యి చూపించింది. జీడిగింజ రసం తగిలి తగిలి వేళ్ల చివర్లు నల్లగా, నున్నగా అయిపోయాయి. మిషను మీద పెడితే పడదు. తుడుచుకుని మళ్లీ పెట్టింది. మూడోసారి పెట్టింది. "నా ఏలే నన్ను నాను కాదంతంది బాబూ" అంది. ఉద్దానంలో, పలాసలో ఇలాంటి చేతులు ఎన్ని వేలున్నాయో మీకు తెలుసు. ముప్ఫై ఏళ్లుగా ఆ డిపో ఎదురుగానే ఉన్న మనిషి. డీలరుకి తెలుసు, వీధికి తెలుసు. మిషనుకి తెలియదు కాబట్టి ఆవిడ ఆ పూట ఆవిడ కాదు.

సముద్రం మీద కూడా ఇంతే. మన జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం. 2008లో ముంబయి మీద దాడి జరిగాక మత్స్యకారులందరికీ బయోమెట్రిక్ కార్డులు వచ్చాయి. దేశానికి కాపలా ముఖ్యమే. నేను కాదనను. కానీ వేటకి వెళ్లేవాణ్ని తీరానికి కాపలాదారుగా చూడొచ్చు, అనుమానితుడిగా చూడొచ్చు. కార్డు అడిగే గొంతులోనే ఆ తేడా తెలిసిపోతుంది.

ఇక ఫోన్లు. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఇది నా శాఖకి దగ్గరి సంగతి.

మీ ఫోనులో మాట్లాడిన మాట ఉత్తరం లోపలి విషయం లాంటిది. ఎవరికి చేశారు, ఎప్పుడు, ఎంతసేపు, ఏ టవరు కింద ఉండి చేశారు, ఇదంతా కవరు మీది అడ్రసు లాంటిది. మాట వినాలంటే 1996లో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతుంది. హోం కార్యదర్శి స్థాయి అధికారి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి, రెండు నెలలకి మించి నడవకూడదు, మళ్లీ పొడిగించినా ఆరు నెలలు దాటకూడదు, ఒక కమిటీ ఆ ఉత్తర్వుల్ని చూడాలి. కాల్ రికార్డులకి మాత్రం అంత కూడా అక్కర్లేదు. పెద్ద పోలీసు అధికారి లేఖ రాస్తే కంపెనీ ఇచ్చేస్తుంది, జడ్జి సంతకం అవసరం లేదు. అడ్రసుల్లో ఏముంటుంది, పైపై సంగతే కదా అంటారు. నెలకి రెండు ఉత్తరాలు, బెంగుళూరు, ఒకే చేతిరాత. నేను కానిస్టేబులుకి చెప్పింది అంతే. లోపలేముందో నాకు తెలియనే తెలియదు.

సరే, మాట వినడానికైనా కట్టుదిట్టం ఉంది కదా అనుకుందాం. 2013లో సమాచార హక్కు కింద అడిగితే, కేంద్ర హోం శాఖ సగటున నెలకి 7,500 నుంచి 9,000 దాకా ట్యాపింగు ఉత్తర్వులు ఇస్తోందని జవాబు వచ్చింది. రోజుకి 250 పైమాటే. ఇప్పుడు నా అనుభవం వినండి. పండగల ముందు నేను రోజుకి రెండు మూడు వందల ఉత్తరాలు సార్టింగ్ చేసేవాణ్ని. ఆ వేగంలో ఏం కనపడుతుందో నాకు తెలుసు. వీధి పేరు కనపడుతుంది, ఇంటి నంబరు కనపడుతుంది. మనిషి కనపడడు. రోజుకి 250 మంది ఏకాంతం మీద సంతకం పెట్టే అధికారికి ఆ 250 మంది కనపడతారని నేను నమ్మను.

పక్క రాష్ట్రం తెలంగాణలో 2024లో బయటపడ్డ ఫోన్ ట్యాపింగ్ కేసు మీరందరూ పేపర్లో చదివారు. అందులో ఎవరు దోషులో కోర్టు తేలుస్తుంది. మొన్న 2025 నవంబరు చివర్లో టెలికాం శాఖ కొత్త ఫోన్లన్నింటిలో సంచార్ సాథీ యాప్ ముందే పెట్టి అమ్మాలంది. పోయిన ఫోను వెతకడానికి ఆ యాప్ పనికొస్తుంది, నిజమే. కానీ నా జేబులో ఏముండాలో నన్ను అడగాలి కదా. దేశమంతా గట్టిగా అడిగేసరికి డిసెంబరు 3న ఆ నిబంధన వెనక్కి తీసుకున్నారు. అడిగితే వెనక్కి తీసుకుంటారు. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి.

గ్రామ వాలంటీర్ల గురించి ఒక్క నిమిషం. 2019 ఆగస్టు 15న మొదలైంది, 50 ఇళ్లకి ఒకరు. వాళ్ల మీద నాకు కోపం లేదు, మన పిల్లలే, నెలకి 5,000 తీసుకుని కరోనాలో కూడా తిరిగారు. ఇంటింటి సంగతీ తెలిసిన మనిషి అన్న లెక్కలో వాళ్లూ నేనూ ఒకటే. నాకు తలుపు మూసి బోధించిన పోస్టుమాస్టరు ఒకాయనున్నారు. వాళ్లకి అలా ఎవరు చెప్పారు? రాసుకున్నదంతా ఏ కంప్యూటర్లోకి వెళ్లింది, ఎవరు చూస్తారు? అంతకు ముందు 2018లో, మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లు, కులం, బ్యాంకు వివరాలతో సహా అందరికీ కనపడేలా ఉండిపోయాయి. ఇల్లు కావాలని దరఖాస్తు పెట్టుకున్నందుకు.

నేనెక్కడ మాట్లాడినా ఒకరు లేచి, "తప్పు చేయనివాడికి భయమెందుకు?" అంటారు. మంచివాళ్లే అంటారు. నా కొడుకు కూడా అన్నాడు. నేను వాడికి మాస్టారి అరుగు గురించి చెప్పాను. ఆయన ఏ తప్పూ చేయలేదు. కానీ పిల్లలు రావడం మానేశారు, తమ్ముడు ఉత్తరం రాయడం మానేశాడు, నేను ఆ వీధిలో సైకిలు దిగడం మానేశాను. మేమెవరం నేరం చేసినవాళ్లం కాదు. ఇన్ని కుటుంబాలు ఒకరితో ఒకరు మాట్లాడటం మానేశాయి, దానికి ఎవరి సంతకమూ లేదు.

మరి ఏం చేయాలి? నాకు తెలిసినంత చెబుతాను. సాక్షిగా రమ్మని ఫోను వస్తే, "నోటీసు ఇవ్వండి, వస్తాను" అనండి. మర్యాదగా అనండి, గొడవ వద్దు. కొత్త చట్టంలో 179వ సెక్షను చూడండి. ఆడవాళ్లని, 15 ఏళ్ల లోపు, 60 దాటిన మగవాళ్లని, వికలాంగుల్ని, జబ్బు పడ్డవాళ్లని సాక్ష్యం కోసం స్టేషనుకి రప్పించకూడదు, వాళ్లుండే చోటికే వచ్చి అడగాలి. ఇంట్లో సోదా జరిగితే మేజిస్ట్రేటు దగ్గర కాపీకి అర్జీ పెట్టండి. బడిలో చేర్చడానికి ఆధార్ తప్పనిసరి కాదని 2018లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరైనా పిల్లని వెనక్కి పంపితే, ఆ మాటే కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వమనగానే చాలా పనులు అయిపోతాయి, నేను చూశాను.

కొన్ని కాగితాలు మనకి దక్కడం కష్టమైపోతోంది కూడా. 2023 డేటా రక్షణ చట్టం మన వివరాలకి రక్షణ అని వచ్చింది, అదే చట్టం కేంద్రం తనకి కావలసిన సంస్థల్ని దాని నుంచి మినహాయించుకునే వీలూ ఇచ్చింది. సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం గురించిన సెక్షనుని కూడా మార్చింది, అక్కడున్న ప్రజాప్రయోజనం అన్న మాట తీసేసింది. మన గురించి వాళ్లకి తెలిసేది పెరుగుతోంది, వాళ్ల గురించి మనకి తెలిసేది తగ్గుతోంది. దీని మీద వకీళ్లు ఇంకా బాగా చెబుతారు, వచ్చే నెల ఒకరిని పిలుద్దాం.

నేను చేయగలిగింది ఒకటుంది. 38 ఏళ్లు మీ కాగితాలు మీ ఇంటికి తెచ్చాను. ఇప్పుడు మీరు నా దగ్గరికి తెండి. ప్రతి గురువారం నాలుగు నుంచి ఆరు దాకా ఇదే హాల్లో, ఆ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాను. అర్జీ రాయడం రానివాళ్లకి రాసి పెడతాను. నోటీసు వస్తే తీసుకురండి. నోటీసు లేకుండా పిలిస్తే తేదీ, టైము, ఎవరు పిలిచారో ఒక చీటీ మీద రాసుకుని అది తీసుకురండి. మీరు చెప్పింది ఈ హాలు దాటి బయటికి వెళ్లదు.

ఇక ఎవరైనా ఏదైనా అడగాలంటే అడగండి. ఆ మూల కూర్చున్న అమ్మ ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంది. చెప్పమ్మా.